గ్లైసీన్ డీకార్బాక్సిలేజ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు నాంది ఎలా అవుతుంది?

నమస్కారం. మైటోకాండ్రియాలో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని విడగొట్టి, కార్బన్ డయాక్సైడ్‌నూ అమ్మోనియానూ వెలువరిస్తూ, మిగిలిన ఒక్క కార్బన్‌ను ఫోలేట్ అనే బి విటమిన్‌కు అందించే వ్యవస్థలోని గ్లైసీన్ డీకార్బాక్సిలేజ్‌పై ఎమ్మెస్సీ సెమినార్‌కు సిద్ధమవుతున్నాను. నాన్ స్మాల్ సెల్ అనే రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కణితిని మొదలుపెట్టే కణాల్లో ఈ ఎంజైమ్ అధికంగా ఉంటుందనీ, దాని మోతాదు పెంచితే ఎలుకల నుంచి తీసి ప్రయోగశాలలో పెంచే 3టీ3 అనే కణాలు సైతం క్యాన్సర్ లక్షణాలను సంతరించుకున్నాయనీ సింగపూర్ పరిశోధకులు 2012లో చూపారు. ఆ కార్బన్ థైమిడిన్ తయారీకి, అంటే కొత్త డీఎన్‌ఏకు, పనికొస్తుందన్నంత వరకు అర్థమైంది.

చిక్కల్లా ఇక్కడే. సెరీన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి కూడా అదే కార్బన్ దొరుకుతుంది కదా. నోట్‌బుక్‌లో గీసుకున్న బొమ్మలో రెండు బాణాలూ ఒకే ఫోలేట్ దగ్గరికి చేరుతున్నాయి. అలాంటప్పుడు ఈ ఎంజైమే ఎందుకంత కీలకమైంది? పైగా ఆరోగ్యవంతమైన కాలేయంలోనూ ఇది పుష్కలంగానే ఉంటుంది, మరి అక్కడ దీనివల్ల ముప్పు ఎందుకు రాదు? ఈ రంగంలో పనిచేసినవారు దయచేసి వివరించగలరు.