రాక్ స్లైడర్లు చాసిస్‌కు ఎట్ల పట్టించాలె: వెల్డింగా, బోల్టులా, యూ బోల్టులా?

ఓరుగల్లు_పికప్
అన్నలకు నమస్తే. బండి డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్, ల్యాడర్ చాసిస్ (నిచ్చెన లెక్క రెండు పొడుగు ఇనుప దూలాలు, మధ్యల అడ్డ పట్టీలు). తిరిగేది ఎక్కువగా తాడ్వాయి, గోవిందరావుపేట దిక్కు వాగు దారులల్ల. నీళ్ల కింద గుండ్రాయి కనవడది, తలుపు కింది రేకుకు తగులుతది. కంపెనీ ఫుట్‌స్టెప్ తీసేసి ఇంచున్నర హెవీ క్లాసు పైపుతో రాక్ స్లైడర్లు, అంటే తలుపుల కింద రాయి దెబ్బను, బండి బరువును ఓర్చుకునే పైపులు, చేయిస్తున్న.

కొలతలు: తలుపుల కింద చాసిస్ బాక్స్ సెక్షన్, ఎత్తు 130, వెడల్పు 70, గోడ మందం 3 మి.మీ. చాసిస్ నుంచి బయటి పైపు దాకా 250 మి.మీ. లోడుతో బండి 2,200 కేజీలు. ఆటోనగర్‌ల ముగ్గురు మూడు తీర్ల చెప్తున్నరు. ఒకరు పైపు కాళ్లను సీదా చాసిస్‌కే వెల్డింగ్ కొడతా అంటున్నరు, ఒకరు యూ బోల్టులు అంటున్నరు, ఒకరు ప్లేటు పెట్టి బోల్టులు అంటున్నరు. ఏది నిలుస్తది?

కాజీపేట_గస్సెట్
కొలతలు పెట్టి మంచి పని చేసినవ్ తమ్మీ. ముందు బరువు ఎటు పోతుందో చూడు. ఒక దిక్కు మొత్తం రాయి మీద కూర్చుంటే సుమారు 1,100 కేజీలు, అంటే 10.8 కిలోన్యూటన్లు. అది చాసిస్ నుంచి 250 మి.మీ. అవతల పడుతది కాబట్టి చాసిస్‌ను మెలిపెట్టే బలం 2.7 కిలోన్యూటన్ మీటర్లు. స్లైడర్ పైకి వంగాలని చూస్తది, ప్లేటు కింది అంచు చాసిస్‌ను వదిలి బయటికి రావాలని చూస్తది. పట్టించే పద్ధతి ఏదైనా ఈ గుంజుడును ఆపాలె.

యూ బోల్టు దీన్ని ఆపలేదు. అది పట్టుకునేది రాపిడితోనే. చాసిస్ మూలల మీద రెండు సన్నని గీతలంత జాగాలో నొక్కుతది, అక్కడ పెయింటు నలిగినంక బిగువు పోతది. దెబ్బ తగిలినప్పుడల్లా ముందుకో వెనక్కో జరుగుతది. లోపలి దిక్కు పోయే బ్రేకు పైపును యూ బోల్టు కింద నలిపేసిన బండ్లు కూడా ఉంటయి. ఫుట్‌స్టెప్‌కు సరిపోతది గని స్లైడర్‌కు వద్దు.

పైపును సీదా చాసిస్ గోడకు అతికించుడు ఇంకా చెడ్డది. ఇంచున్నర పైపు బయటి వ్యాసం 48 మి.మీ., దాని చుట్టూ వేసిన గుండ్రటి వెల్డింగ్ మీదికే 2.7 మొత్తం వస్తది, వెనక 3 మి.మీ. రేకు. వెల్డింగ్ ఊడదు, దాని పక్కన వేడికి మారిన గోడ చీలుతది. చీలిక వెల్డింగ్ అంచు నుంచి మొదలై నిలువుగ పాకుతది.

నా ఓటు ప్లేటు, బోల్టు, మధ్యల బుష్షు (బోల్టు దూరే బోలు ఇనుప గొట్టం ముక్క). ఒక్కో దిక్కు మూడు కాళ్లు. ఒక్కో కాలికి 200 × 90 × 6 మి.మీ. ప్లేటు, నాలుగు ఎం10 బోల్టులు, 8.8 గ్రేడు. పై వరుసకు కింది వరుసకు 60 మి.మీ. దూరం. కర్మం చాలక మొత్తం బరువు ఒక్క కాలి మీదనే పడ్డదనుకో, కింది రెండు బోల్టుల మీద ఒక్కోదానికి 22.5 కిలోన్యూటన్ల గుంజుడు. 8.8 గ్రేడు ఎం10 బోల్టు సాగకుండ సుమారు 34 దాకా ఓర్చుకుంటది. అంటే బోల్టు గురించి భయం లేదు, భయమంతా ఆ 3 మి.మీ. గోడ గురించే.

బుష్షు లేకుండ బాక్స్‌ను ఆరపార బిగిస్తే రెండు గోడలు లోపలికి నొక్కుకుంటయి. పాన ఎంత తిప్పినా బిగువు రాదు, గోడ వంగుడే. అందుకే లేత్ మీద 17 మి.మీ. బయటి వ్యాసం, 10.5 లోపలి రంధ్రంతో బుష్షులు తీయించాలె. చాసిస్ బయటి గోడకు 17 రంధ్రం, లోపలి గోడకు 10.5 రంధ్రమే. బుష్షు బయటి నుంచి దూరి లోపలి గోడకు ఆనుతది. పొడవు నీ లెక్కకు 70 లోంచి ఒక గోడ 3 తీసేస్తే 67, దాన్ని 66.8 చేయించు, అప్పుడు ప్లేటు బుష్షుకు, గోడకు రెండిటికీ తాకుతది. 67.5 చేస్తే ప్లేటు గోడను తాకదు, బోల్టుల మీద ఊగుతది. ఆ అర మి.మీ. దగ్గరనే పని చెడుతది, కాబట్టి లేత్ దగ్గర వర్నియర్ పెట్టి ఒక్కో బుష్షు చూసుకో. చాసిస్ వెడల్పు కూడా ప్రతి రంధ్రం దగ్గర వేరే కొలువు, అంతటా ఒక్క తీరు ఉండదు.

లోపలి దిక్కు 5 మి.మీ. వెనక ప్లేటు. బోల్టు పొడవు: 6 + 70 + 5, రెండు వాషర్లకు 4, నైలాక్ నట్టుకు (లోపల నైలాన్ రింగుతో వదులు కాని నట్టు) 10, మిగులు మరలు రెండు మూడు. 100 మి.మీ. బోల్టు సరిపోతది. బిగువు 45 నుంచి 48 న్యూటన్ మీటర్లు, టార్క్ పానతోనే.

హన్మకొండ_7018
గస్సెట్ అన్న చెప్పిన బోల్టు పద్ధతి కరెక్టే. కానీ వెల్డింగ్‌ను పూర్తిగ కొట్టిపారేయొద్దు. సీదా పైపు అతికించుడు వేరు, ప్లేటు అతికించి దాని మీద కాలు నిలబెట్టుడు వేరు. 24 బోల్టులకు చాసిస్‌ల 48 రంధ్రాలు పడతయి. వాగు నీళ్లు, ఒండ్రు ఆ రంధ్రాలల్ల నుంచే లోపలికి పోతయి.

వెల్డింగ్ చేయిస్తే ప్లేటు చాసిస్ గోడ కంటె మరీ మందం ఉండొద్దు, 4 లేదా 5 మి.మీ. చాలు. నాలుగు మూలలు 20 మి.మీ. గుండ్రంగ కోయించు. చాసిస్ పై వంపుకు, కింది వంపుకు 20 మి.మీ. దూరంల ఉండాలె. పై అంచు, కింది అంచు అడ్డంగ వెల్డింగ్ చేయాలె, పక్కల నిలువు అంచులు మాత్రం వదిలెయ్యాలె. చాసిస్ ఎప్పుడూ ముందు వెనకలకు వంగుతనే ఉంటది, నిలువు వెల్డింగ్ ఆ వంపుకు అడ్డం గీసిన గీత లెక్క అయితది. చీలిక అక్కడనే పుడుతది. వదిలిన అంచులల్ల సీలెంట్ నింపకపోతే మాత్రం లోపల తుప్పు పడుతది.

ఒకేసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగొద్దు. నాలుగు ట్యాకులు (ముందు నిలబెట్టే చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసి, 40 మి.మీ. చొప్పున ఒకసారి ముందు ప్లేటు, ఒకసారి వెనక ప్లేటు. చెయ్యి ఆనించే అంత సల్లారినంకనే మళ్లీ అదే ప్లేటు దగ్గరికి రావాలె. సీఓటూ వెల్డింగ్ ఉంటే మంచిది. రాడ్డు అయితే 3.15 మి.మీ. 7018 (తక్కువ హైడ్రోజన్ రకం), ఓవెన్‌ల ఎండబెట్టింది. వానాకాలం డబ్బా తెరిచి పెట్టిన రాడ్డు చెమ్మ పీలుస్తది, ఆ చెమ్మల హైడ్రోజన్ వెల్డింగ్‌ల చేరి తర్వాత పగులు తెస్తది. చాసిస్ పెయింటు తెల్లటి ఇనుము కనబడేదాక గ్రైండింగ్ కొట్టాలె. జీఐ (జింకు పూత) పైపు మాత్రం తేవొద్దు, జింకు పొగ మనిషికి జ్వరం తెస్తది, వెల్డింగ్‌ల బుడగలు వస్తయి.

బ్యాటరీ నెగెటివ్ వైరు ముందు ఊడదీయాలె. ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ పక్కనే, అదే చాసిస్ మీద. గేర్‌బాక్స్‌కో యాక్సిల్‌కో పెడితే కరెంటు బేరింగుల మీదుగ పోయి వాటిని పాడు చేస్తది.

ఓరుగల్లు_పికప్
ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. ఎడమ చాసిస్ లోపలి దిక్కు డీజిల్ పైపు, బ్రేకు పైపు, వైరింగ్ గుత్తి మూడూ పోతున్నయి. కుడి దిక్కు ఖాళీ. పైన క్యాబిన్ రేకుకు కూడా రెండు బోల్టులు కొడితే ఊగదని ఒకాయన అన్నడు, అది చేయొచ్చా?

కాజీపేట_గస్సెట్
క్యాబిన్‌కు ఒక్క బోల్టు కూడా వద్దు. క్యాబిన్ రబ్బరు బుష్షుల మీద కూర్చుంటది, చాసిస్ వేరే కదులుతది. రెండిటికీ కట్టేస్తే ఆ కదలికంతా స్లైడర్ మీదుగ తలుపు కింది రేకుకు పోతది, రేకు చీలుతది. పైగా రాయి దెబ్బ నేరుగా క్యాబిన్‌కు చేరుతది. స్లైడర్‌కు రేకుకు మధ్యల 20 మి.మీ. ఖాళీ వదులు.

ఎడమ దిక్కు అన్ని పైపులు ఉన్నయి కాబట్టి అక్కడ వెల్డింగ్ జోలికి పోకు. గోడ వెనక డీజిల్ పైపు ఉన్న చోట వేడి పెట్టొద్దు. బోల్టు పద్ధతికి కూడా క్లిప్పులు ఊడదీసి పైపులను పక్కకు జరపాలె, డ్రిల్లు బిట్టుకు 25 మి.మీ. దగ్గర టేపు చుట్టుకో, అంతకు మించి లోపలికి దూసుకపోకుండ. ముందు బయటి గోడ కొట్టి, రంధ్రంలోంచి లోపలి గోడకు పాయింటు గుర్తు పెట్టి, లోపలి దిక్కు నుంచి కొట్టుడు నయం. కుడి దిక్కు కూడా బోల్టులే పెట్టు. రెండు దిక్కులా ఒకే తీరు ఉంటే రేపు ఒకటి వంగినా విప్పి సరిచేయొచ్చు.

రంధ్రాలు చాసిస్ నిలువు గోడకే. పై, కింది ముఖాలకు రంధ్రం పెట్టొద్దు, బరువుకు ఎక్కువ సాగేది, నొక్కుకునేది అవే. చాసిస్ నంబరు కొట్టిన చోటు ముందే చూసి, ఆ మీద ప్లేటు పడకుండ కాలు జరుపు. నంబరు కనబడకపోతే ఆర్టీవో దగ్గర ఫిట్‌నెస్‌ల ఇబ్బంది.

కాగితాల సంగతి కూడా: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి మార్పు అనేది ప్రశ్నే. 2017 డిసెంబరుల బుల్ బార్లు తీయించాలని కేంద్రం రాష్ట్రాలకు రాసింది కూడా ఈ సెక్షన్ కిందనే. స్లైడర్ టైర్ల వరుస దాటి బయటికి రావొద్దు, చివర్లు తెరిచి ఉండొద్దు, మూత వేసి గుండ్రంగ చేయించు. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి చెప్పు.

హన్మకొండ_7018
బోల్టులే అయితే నాది ఒక్కటే మాట: రంధ్రం కొట్టినంక అంచులు ఫైలుతో రుద్ది, జింకు ప్రైమర్ వేసి, ఆరినంకనే బుష్షు దూర్చు. చాసిస్ లోపల పడ్డ ఇనుప పొట్టును గాలితో ఊది తీసెయ్యి, లేకుంటే ఆ పొట్టే మొదట తుప్పు పట్టి గోడను తింటది. తర్వాత లోపలికి వ్యాక్స్ కొట్టు.

బిగించినంక నట్టు మీద నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయి. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కు ఒకసారి చూడు, గీత తెగితే నట్టు తిరిగినట్టే. వాగులకు పోకముందే, చదునైన జాగల స్లైడర్ మధ్యల కింద జాకీ పెట్టి ఆ దిక్కు టైర్లు నేల విడిచేదాక లేపు. రేకుకు స్లైడర్‌కు మధ్యల ఖాళీ లేపకముందు, లేపినప్పుడు, దించినంక మూడుసార్లు కొలువు. దించినంక 20 మళ్లీ 20కి రావాలె. 2 మి.మీ. కంటె ఎక్కువ తగ్గితే ఏదో ఒక బుష్షు పొడవు తప్పింది. ముందు మధ్య కాలు విప్పి చూడు, బరువు మొదట దాని మీదనే పడుతది.