పాత స్నోమొబైల్‌ని ఛారిటీకి ఇస్తే నిజంగా ఉపయోగం ఉంటుందా? (మిన్నెసోటా)

బ్లెయిన్ బాబాయ్:
అందరికీ నమస్తే. ఈ జూన్‌లో మేం ఫ్రిస్కోకి మారిపోతున్నాం. సామాను సగం అమ్మేశాం, సగం తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం. తెగనిది ఒక్కటే, గరాజ్ మూలన టార్పాలిన్ కింద ఉన్న స్నోమొబైల్, అదే మంచు మీద నడిచే బండి. 2008 పొలారిస్, 600 సీసీ, టూ స్ట్రోక్. పక్కింటి పెద్దాయన ఫ్లోరిడా వెళ్ళిపోతూ చవగ్గా ఇచ్చి వెళ్ళాడు. టెక్సస్ తీసుకెళ్ళి ఏం చేసుకోను, బతుకమ్మ రోజు పార్కింగ్ లాట్‌లో తిప్పాలా?

పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు బాగానే వాడాం. 2023-24 చలికాలంలో ఇక్కడ మంచే సరిగ్గా పడలేదు కదా, అప్పుడు కప్పిన టార్పాలిన్ మళ్ళీ తీయలేదు. స్టార్ట్ అవుతుందో లేదో కూడా చూడలేదు. మా ఆవిడ అయితే "ఎవరికైనా దానం ఇచ్చి పుణ్యం కట్టుకోండి, ముందు ఆ మూల ఖాళీ చేయండి" అంటోంది.

"నడిచినా నడవకపోయినా ఉచితంగా తీసుకెళ్తాం, ట్యాక్స్ డిడక్షన్ వస్తుంది" అని రేడియోలో ప్రకటనలు వింటూనే ఉన్నాం. నడిచే స్థితిలో ఉంటే నా అంచనాలో 1800 డాలర్లు చేస్తుంది. నిజంగా అంత డిడక్షన్ వస్తుందా? కాగితాలు ఏం కావాలి? అసలు ఎవరికి ఇస్తే పనికొస్తుంది? ఆన్‌లైన్‌లో పెట్టి "లాస్ట్ ప్రైస్ ఎంత బ్రో" అనేవాళ్ళతో బేరాలాడే ఓపిక నాకు లేదు.

లెక్కల అక్క:
బాబాయ్ గారూ, నేను ఇక్కడ ట్యాక్స్ రిటర్నులు చేస్తాను. ముందు ఒక్క మాట అడుగుతాను, మీరు ఐటమైజ్ చేస్తారా, అంటే ఖర్చులు ఒక్కొక్కటిగా చూపించి డిడక్షన్ తీసుకుంటారా? 2026కి భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే, ఆ లెక్కలేవీ చూపించకుండానే వచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 32,200 డాలర్లు. ఇంటి లోను వడ్డీ, రాష్ట్ర పన్ను, ఆస్తి పన్ను, విరాళాలు అన్నీ కలిపి అంతకు మించకపోతే మీ బండి వల్ల పన్నులో ఒక్క డాలరు కూడా తగ్గదు. ఏడాది మధ్యలో ఇల్లు అమ్మి టెక్సస్ వెళ్తున్నారు, అక్కడ రాష్ట్ర ఆదాయ పన్ను లేదు. కాబట్టి ఈ ఏడు దాటడం కష్టమేనని నా అనుమానం.

ఒకవేళ దాటినా, ఈ ఏడాది నుంచి ఐటమైజ్ చేసేవాళ్ళకి విరాళాల్లో ఆదాయంలో అర శాతం దాకా లెక్కలోకి రాదు. ఆ పైన ఉన్నదే చెల్లుతుంది. 22 శాతం బ్రాకెట్‌లో 1800 పూర్తిగా చెల్లినా మీకు మిగిలేది 400 లోపే.

ఇక కాగితాలు. కారు ఇస్తే ఛారిటీవాళ్ళు ఫారం 1098-సి ఇస్తారు. 500 డాలర్లు దాటితే మామూలుగా వాళ్ళు వేలంలో ఎంతకి అమ్మారో అంతే మీ డిడక్షన్. ఆ నిబంధన రోడ్ల మీద తిరగడానికి తయారైన వాహనాలకి, పడవలకి, విమానాలకి. స్నోమొబైల్ రోడ్డు బండి కాదు కాబట్టి మామూలు వస్తువు కిందికే వస్తుంది. అంటే మార్కెట్ ధర మీరే నిజాయితీగా లెక్క వేసుకోవాలి. 250 డాలర్లు, ఆ పైన అయితే ఛారిటీ నుంచి రాతపూర్వకంగా రసీదు ఉండాలి, బదులుగా మీకు ఏమైనా ఇచ్చారో లేదో అందులో రాసి ఉండాలి. ధర మాత్రం వాళ్ళు రాయరు. వస్తు రూపంలో ఇచ్చినవన్నీ కలిపి 500 దాటితే ఫారం 8283. 5000 దాటితేనే అప్రైజల్ (నిపుణుడితో ధర కట్టించడం) గొడవ, అది మీకు అక్కర్లేదు. అన్నట్టు 1800 అనేది నడిచే బండి ధర. నడవని బండికి ఆ ధర వేసి ఫారం నింపకండి.

సెయింట్ క్లౌడ్ తమ్ముడు:
నేను పాత పడవ ఒకటి ఇలాగే ప్రకటన చూసి ఇచ్చాను అన్నా. వచ్చింది ఛారిటీ వాళ్ళు కాదు, మధ్యలో ఉండే కంపెనీ. టోయింగ్ ఖర్చు, వేలం ఖర్చు, వాళ్ళ కమిషన్ పోగా అసలు సంస్థకి చేరింది చాలా తక్కువ. ఫోన్ చేసి అడిగితేనే ఆ లెక్క చెప్పారు, అదీ నసిగి నసిగి. ఇచ్చేముందే "అమ్మిన డబ్బులో మీకు ఎంత శాతం వస్తుంది" అని ఆ సంస్థనే నేరుగా అడగండి. ఐఆర్ఎస్ (పన్ను శాఖ) సైట్‌లో పేరు కొడితే అది 501(సి)(3), అంటే విరాళాలకి డిడక్షన్ వచ్చే ఛారిటీ, అవునో కాదో తెలిసిపోతుంది.

డులూత్ డ్రైవర్:
మావాళ్ళలో స్లెడ్ (స్నోమొబైల్) నడిపేవాళ్ళు ఇంకొకరు ఉన్నారంటే సంతోషంగా ఉంది!

బాబాయ్, మొదట తాళం చెవి ముట్టుకోకండి. ఇన్నాళ్ళు గరాజ్‌లో ఉన్న బండిలో ఎలుకలు కాపురం పెట్టకుండా ఉండవు. ఎయిర్ బాక్స్ తెరిచి చూడండి, సీటు కింద కూడా. గూడు ఉండగా స్టార్ట్ చేస్తే ఆ చెత్తంతా ఇంజిన్ లాగేసుకుంటుంది. తర్వాత పాత పెట్రోలు మొత్తం తీసేయండి, దాన్ని డ్రెయిన్‌లో పోయకుండా కౌంటీ వాళ్ళ ప్రమాదకర చెత్త కేంద్రంలో ఇవ్వండి. మీది కార్బురేటరా, ఇంజెక్షనా చెప్పలేదు. కార్బురేటర్ అయితే జెట్లు జిగురు పట్టేసి ఉంటాయి, విప్పి కడగాల్సిందే. వెనకభాగం స్టాండ్ మీదికి ఎత్తి, ట్రాక్ నేలకి తగలకుండా చూసుకుని అప్పుడు స్టార్ట్ చేయండి. రెండు సిలిండర్లలో కంప్రెషన్ ఇంచుమించు సమానంగా ఉంటే ఇంజిన్ బాగున్నట్టే.

ఎవరికి అన్నదానికి నా ఓటు చిన్న ఇంజిన్ల రిపేరు నేర్పే టెక్నికల్ కాలేజీకి. విద్యార్థులకి విప్పి బిగించడానికి బండ్లు కావాలి. నడవకపోతే ఇంకా మంచిది, వాళ్ళకి పని దొరుకుతుంది. అన్ని కాలేజీలూ తీసుకోవు, ఆ కోర్సు చెప్పే ఇన్‌స్ట్రక్టర్‌కి ఫొటోలు, వీఐఎన్ నంబరు పంపి అడగండి.

చాలామంది స్నోమొబైల్ క్లబ్‌కి ఇస్తామంటారు. మన రాష్ట్రంలో 20 వేల మైళ్ళకు పైగా ఉన్న ట్రెయిల్స్‌ని ఎక్కువగా చూసుకునేది ఆ క్లబ్బుల వాలంటీర్లే, ఇస్తే సంతోషిస్తారు. కానీ చాలా క్లబ్బులు 501(సి)(3) కావు, అలాంటివాటికి ఇస్తే డిడక్షన్ రాదు.

ఇంకొకటి, మిన్నెసోటాలో స్నోమొబైల్‌కి కారులా టైటిల్ (యాజమాన్య పత్రం) ఉండదు, డీఎన్ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) రిజిస్ట్రేషనే. కార్డు మీద సంతకం పెట్టి, తేదీ వేసి, తీసుకున్నవాళ్ళ వివరాలతో ఒక కాగితం రాసుకుని ఫొటో తీసి పెట్టుకోండి. పేరు మారకుండా బండి చేతులు మారితే రేపు ఎవడో చెరువు మంచులో ముంచేసినా ఉత్తరం ఫ్రిస్కోకే వస్తుంది.

బ్లెయిన్ బాబాయ్:
అక్కా, మీ అనుమానం నిజమే, ఈ ఏడు స్టాండర్డే. అయితే డిడక్షన్ సంగతి వదిలేయొచ్చన్నమాట. తమ్ముడు చెప్పింది విన్నాక రేడియోవాళ్ళ మీద మోజు కూడా పోయింది. ఎలుకల సంగతి మా ఆవిడకి చెప్పలేదు, చెబితే గరాజ్‌తో పాటు నన్నూ ఖాళీ చేయిస్తుంది.

లెక్కల అక్క:
పూర్తిగా వదిలేయకండి. ఐటమైజ్ చేయనివాళ్ళకి కూడా 2026 నుంచి జంటకి 2000 డాలర్ల దాకా విరాళాల మినహాయింపు వచ్చింది. కాకపోతే అది నగదు ఇస్తేనే, వస్తువులకి లేదు. కాబట్టి బండి ఇస్తే మీకు సున్నా. అదే బండి 1200కి అమ్మి, ఆ 1200 చెక్కు రాస్తే మొత్తం చెల్లుతుంది. కొన్న ధర కన్నా తక్కువకే అమ్ముతారు కాబట్టి అమ్మకం మీద పన్ను ఉండదు. పుచ్చుకునేవాళ్ళకి కూడా వేలం ఖర్చులు లేని డబ్బు.

డులూత్ డ్రైవర్:
అక్క లెక్క కరెక్టే, కానీ మంచు కరిగాక స్లెడ్‌కి గిరాకీ ఉండదు. మంచి ధర మొదటి మంచు పడ్డప్పుడే, అప్పటికి మీరు టెక్సస్‌లో ఉంటారు. బేరం ఇష్టం లేకపోతే డీలర్‌ని అడగండి, తక్కువ ఇస్తాడు, కానీ ఒక్క మాటతో తేలిపోతుంది.

బ్లెయిన్ బాబాయ్:
సరే, తేల్చేశాను. ముందు కాలేజీవాళ్ళకి మెయిల్ పెడతాను. పిల్లలు నేర్చుకోవడానికైతే నాకు డిడక్షన్ రాకపోయినా ఫర్వాలేదు. వాళ్ళు వద్దంటే డీలర్ ఎంతిస్తే అంతకి ఇచ్చేసి, ఆ డబ్బు మా దగ్గర్లోని ఫుడ్ షెల్ఫ్‌కి (లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే సంస్థ) రాస్తాను. స్నోమొబైల్‌ని ఎక్కించి లాక్కెళ్ళే ట్రైలర్ మాత్రం ఎవరికీ ఇవ్వను, తోట సామాను దాని మీదే ఫ్రిస్కో వస్తుంది.

డులూత్ డ్రైవర్:
అయితే ఐ-35 ఎక్కేముందు దాని చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టించండి, టైర్ల మీద తయారీ తేదీ కూడా చూడండి. ఇన్నాళ్ళూ కదలకుండా నిలబడింది కదా, దారిలో ఆగిపోయే మొదటిది అదే.