స్టార్ ట్రెక్ ఎక్కడ మొదలుపెట్టాలి? నేను మొదటి ఎపిసోడ్ దగ్గరే బోల్తా పడ్డాను

నయీంనగర్_పిల్ల:
అందరికీ నమస్తే. హన్మకొండ నుంచి రాస్తున్నా. మా ఆఫీసులో ముగ్గురు స్టార్ ట్రెక్ (అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగే అమెరికా టీవీ సీరియల్) పిచ్చోళ్లున్నారు, మధ్యాహ్నం టిఫిన్ బాక్సుల మూతలు తీయగానే అదే ముచ్చట. ఏదో అనుకుంటారు, నవ్వుకుంటారు, నేను పెరుగన్నం కలుపుకుంటూ గోడవైపు చూస్తూ కూర్చుంటా. ఎన్నాళ్లిట్లా అని మొన్న శనివారం రాత్రి నేనూ మొదలుపెట్టాను.

ఏ సీరియల్ అయినా మొదటినుంచే కదా చూస్తాం. యాప్‌లో అన్నిటికంటే పైన 'ది కేజ్' అని ఉంది, అదే నొక్కాను. పైక్ అని ఒక కెప్టెన్. నిదానంగా నడిచింది కానీ బాగానే ఉంది. అందులో సూది చెవుల స్పాక్ ఒక గ్రహం మీద దిగి, సన్నగా మోగుతున్న నీలం ఆకుల్ని చేత్తో పట్టుకుంటాడు, అవి ఆగిపోతాయి, ఆయన చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. నాకు ఆ మనిషి అక్కడే నచ్చేశాడు. తీరా తర్వాతి ఎపిసోడ్ పెడితే కెప్టెనే లేడు! కిర్క్ అట. పైక్ చచ్చాడా, ట్రాన్స్‌ఫర్ అయ్యాడా, ఒక్క ముక్క చెప్పరు.

సోమవారం ఆఫీసుకెళ్లి "నాకు స్పాక్ నవ్వు భలే నచ్చింది" అన్నాను. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. స్పాక్ నవ్వడట, ఆయన ప్రత్యేకతే అదట. ఇంక నోరెత్తలేదు.

1966 నుంచి వస్తోంది, ఎపిసోడ్లే 900 పైచిలుకు, సినిమాలు వేరే. ఉద్యోగం చేసుకునే మనిషి ఎక్కడ మొదలుపెట్టాలి? అంతా చూస్తేనే అభిమాని అంటారా?

చౌరస్తా_చాయ్:
అక్కా నీ తప్పేం లేదు, ఆ లిస్టు పెట్టినవాళ్లది. 'ది కేజ్' అసలు నమూనాగా తీసిన ఎపిసోడ్, 1965లో ఎన్‌బీసీ చానల్‌కు చూపిస్తే వద్దన్నారు, మరీ బుర్రకు పని పెడుతోందని. ఇంకొకటి తీసుకురమ్మన్నారు, అప్పుడు కొత్త కెప్టెన్‌గా కిర్క్ వచ్చాడు. పాత టీంలో మిగిలింది స్పాక్ ఒక్కడే. ఆయన స్వభావం అప్పటికి ఇంకా కుదరలేదు కాబట్టి నవ్వేశాడు. తీసింది పారేయకుండా ఆ ముక్కల్నే తర్వాత 'ది మెనాజరీ' అనే రెండు భాగాల కథలో కలిపేశారు, పైక్ ఏమయ్యాడో అందులో ఉంటుంది.

అంటే మీ ఆఫీసువాళ్లు లేదన్న స్పాక్ నవ్వు నిజంగా ఉంది, నువ్వు చూశావు. రేపెళ్లి ఆ సీన్ చూపించు.

వరస_తప్పని_వాడు:
నా సలహా మాత్రం కథ జరిగిన కాలం ప్రకారం చూడాలి. మొదట 'ఎంటర్‌ప్రైజ్' అనే స్టార్ ట్రెక్ సీరియల్, దాని కథ 2151లో మొదలవుతుంది, ఆ తర్వాతే కిర్క్ కాలం. నా దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది, ఏ ఎపిసోడ్ తర్వాత ఏది అని తారీఖులతో సహా. కావాలంటే పెడతాను.

చౌరస్తా_చాయ్:
అన్నా, పిల్ల పెళ్లిచూపులకు వచ్చింది, నువ్వు పదిహేను తరాల వంశవృక్షం పరుస్తున్నావు. ఆ 'ఎంటర్‌ప్రైజ్' తీసింది 2001లో, పాతవి చూసినవాళ్లు గుర్తుపట్టి మురిసిపోవాలని పెట్టిన విషయాలు దాంట్లో నిండా ఉంటాయి. కొత్తగా వచ్చిన మనిషికి అందులో మురవడానికి ఏముంటుంది? నాలుగు సీజన్లు దాటితేగానీ కిర్క్ మొహం కనబడదు.

పాత_యాంటెన్నా:
బిడ్డా, నేను వరంగల్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, యాభై దాటాయి. మేము ఏ వరసలో చూశామో చెబుతా, నవ్వకు.

ఎనభైల్లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చేది. మా వాడకట్టులో టీవీ ఉన్నది ఒక్క ఇంట్లోనే. తలుపు తీయకముందే గడప ముందు చెప్పులు కుప్ప పడేవి. ఒకడు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పాలి, కింద నుంచి "ఆఁ ఆఁ వచ్చింది, వద్దు మళ్లా పోయింది" అని కేకలు. డాబా మీదున్నవాడికి ఆ వారం కథ లేనట్టే, అందుకని వంతులు పెట్టుకునేవాళ్లం. మొత్తం ఇంగ్లీషు. మాకు ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. చెవులాయన, కెప్టెను, ఎప్పుడూ చిరచిరలాడే డాక్టరు, మాకు అంతవరకే తెలుసు. మధ్యలో రెండు వారాలు పోతే పోయాయి, మూడో వారం వెళ్లి కూర్చునేవాళ్లం, ఎవరూ ముందు కథ అడిగేవాళ్లు కాదు. అడిగినా చెప్పేంత అర్థమైనవాడెవడు?

అభిమానం పట్టుకున్నది టీవీ ముందు కాదు, టీవీ కట్టేశాక. వాకిట్లో అమ్మ ముగ్గుపిండి డబ్బా ఎత్తుకొచ్చి నేలమీద మూడు గుండ్రాలు గీసి, వాటిలో నిలబడి, ఒకడు స్టీలు గ్లాసు మీద చెంచాతో టింగుటింగుమని కొడుతుంటే మేము మాయమయ్యేవాళ్లం. మాయం కావడమంటే అరుగు చాటుకు ఉరకడం. మళ్లీ పెరట్లో బాయి దగ్గర ప్రత్యక్షం. ముగ్గుపిండి దండగ చేసినందుకు తన్నులు పడ్డాయి, అది వేరే. చాలా ఏళ్ల తర్వాత చదివాను, మనుషుల్ని ఓడలో మాయం చేసి గ్రహం మీద తేల్చే ఆ యంత్రం వాళ్లు పెట్టుకున్నదే డబ్బుల్లేక అట. ప్రతి వారం ఓడను గ్రహం మీద దింపినట్టు తీయడానికి ఖర్చు తట్టుకోలేక, మెరుపులేసి మనుషుల్ని దింపేశారు. మాకు గ్లాసూ చెంచాతో గడిచింది, వాళ్లకూ ఇంచుమించు అంతే.

ఇంకొకటి. 1979లో వచ్చిన మొదటి సినిమాలో గుండుతో ఒకామె ఉంటుంది, ఇలియా పాత్ర. ఆమె మన బొంబాయి అమ్మాయి పర్సిస్ ఖంబాటా, 1965 మిస్ ఇండియా. పాత్ర కోసం జుట్టంతా తీయించుకుంది. ఈ ముచ్చట మా ఆవిడకు చెప్పి కూర్చోబెట్టాను. సినిమా మాత్రం సాగదీత, నీకు ఇప్పుడే వద్దు.

కాజీపేట_ప్యాసింజర్:
పాత యాంటెన్నా అంకుల్‌కు దండం. నేను 'నెక్స్ట్ జనరేషన్' అనే తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్ నుంచి వచ్చినదాన్ని, 1987లో మొదలైంది, కెప్టెన్ పికార్డ్ ఉంటాడు. నయీంనగర్ అక్కా, నీకు రెండే చెబుతా.

ఒకటి 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్', 1989. డేటా అనే యంత్రమనిషి ఉంటాడు. వాణ్ణి విప్పి పరిశోధన చేస్తానని ఒకాయన వస్తాడు, వాడు వద్దంటాడు. వద్దనే హక్కు వాడికి ఉందా, లేక వాడు ఓడలో ఉన్న సామాను లెక్కేనా అని విచారణ. సొంత స్నేహితుడే వాడికి ఎదురు వాదించాల్సి వస్తుంది, వాదిస్తూ వాదిస్తూ వెళ్లి డేటా స్విచ్ ఆఫ్ చేస్తాడు. ముందు కథ ఏమీ తెలియక్కర్లేదు. కోర్టు సీను నచ్చని తెలుగువాళ్లుంటారా?

రెండోది 'డార్మాక్', 1991. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ టిఫిన్ బాక్సు బాధ మొత్తం ఇందులోనే ఉంది. టామేరియన్లు అని ఒక జాతి. అనువాద యంత్రం వాళ్ల మాటల్ని శుభ్రంగా మనకు చెబుతుంది, కానీ ఎవరికీ అర్థం కాదు. "షాకా, గోడలు కూలినప్పుడు" అంటారు (పని చెడిందని). "టెంబా, చేతులు చాచి" అంటారు (ఇస్తున్నా, తీసుకో అని). వాళ్లు ఏది చెప్పాలన్నా వాళ్ల పాత కథల్లోని సంగతితోనే చెబుతారు, ఆ కథ తెలియనివాడికి మాట తెలిసినా భావం తెలియదు. మీ ఆఫీసు ముగ్గురూ టామేరియన్లు, నువ్వు పికార్డ్.

నేను దీన్ని మా నానమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆమెకు సమస్య ఏమిటో వివరిద్దామని ఆపి, పది నిమిషాలు తంటాలు పడ్డాను. అంతా విని, "గింతేనా? మీ తాత కట్టించిన మీది అంతస్తు త్రిశంకు స్వర్గం అంటే నువ్వు ఎన్నడన్న అర్థం అడిగినవా?" అంది. (మెట్లు వేయకముందే డబ్బులైపోయాయి, పన్నెండేళ్ల నుంచి అలాగే ఉంది.) నిజమే కదా. తమ్ముడు లేవకపోతే కుంభకర్ణుడు, పక్కనే ఉండి నీరసం చేసేవాడు శల్యుడు, తెగని గొడవ రావణకాష్ఠం. ఇవన్నీ రామాయణ భారతాలు మొదటినుంచి చివరిదాకా చదివాకే నేర్చుకున్నామా? ఇంట్లో వాళ్లు అంటుంటే విని పట్టుకున్నాం.

నాకు అసలు చికాకు ఎక్కడంటే, ఒకసారి హైదరాబాద్‌లో అభిమానులు కలుస్తున్నారని వెళ్తే ఒకాయన నన్ను ఇంటర్వ్యూ చేశాడు. ఆ ఓడ నంబరెంత, ఈ ఎపిసోడ్ ఏ సీజన్ అని. మగపిల్లల్ని అడగలేదు. సమోసా తిని వచ్చేశాను. మనలోకి ఎవరైనా కొత్తగా వస్తే ముందు కుర్చీ వేయాలి, పరీక్ష తర్వాత పెట్టుకోవచ్చు.

వరస_తప్పని_వాడు:
నేను అలా అడిగేవాణ్ణి కాదు. షీట్ మాత్రమే ఇస్తాను.

చౌరస్తా_చాయ్:
షీట్ అన్నకు ఒక చాయ్ నా లెక్కలో. నయీంనగర్ అక్కా, ఇంకొక హెచ్చరిక: నెక్స్ట్ జనరేషన్ నచ్చింది కదా అని మొదటి సీజన్ వరసగా వేసుకోకు, సగంలో పారిపోతావు. రైకర్ అనే ఆయనకు రెండో సీజన్లో గడ్డం వస్తుంది, అక్కడ్నుంచి గాడిన పడుతుంది. అభిమానుల్లో అదొక కొలత, ఏ సీరియల్ నీరసంగా మొదలైనా గడ్డం వచ్చేదాకా ఆగు అంటారు.

ఇక షాకా ఎందుకు మనకు, "ప్రతాపరుద్రుడు, కోట గోడలు కూలినప్పుడు" అందాం. 1323. తోరణాలు నాలుగు మిగిలాయి, అంతే.

నయీంనగర్_పిల్ల:
అందరికీ థాంక్స్. ఆదివారం నాన్నతో కలిసి రెండూ చూశాను. విచారణలో డేటా చెయ్యి ఊడదీసి బల్లమీద పెట్టినప్పుడు నాన్న "అరెరె, వాణ్ణి అడగాలె కదా" అని లేచి కూర్చున్నాడు. డార్మాక్‌లో, రాత్రి మంట దగ్గర ఆ టామేరియన్ కెప్టెన్ దెబ్బలతో పడి ఉంటే పికార్డ్ అతనికి గిల్గమేష్ కథ చెబుతాడు చూడండి, అక్కడ ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నాన్నకు నేను తెలుగులో చెప్పడం కూడా ఆపేశాను, ఆయన అడగలేదు.

ఇవాళ్టి సంగతి. మధ్యాహ్నం ఒకతని పప్పు డబ్బా మూత ఊడి లాప్‌టాప్ సంచిలో మొత్తం ఒలికింది. నేను మెల్లగా "షాకా, గోడలు కూలినప్పుడు" అన్నాను. ఒకామె నా వీపు మీద చరిచి ఎగిరి గంతేసింది. రెండోవాడు నవ్వాడు. అందరికంటే ఎక్కువ మాట్లాడే మూడోవాడు మాత్రం సంచి తుడుచుకుంటూ "షాకా అంటే ఎవరు?" అన్నాడు! 2009 నుంచి వచ్చిన కొత్త సినిమాలే చూశాడట, పాతవి ఒక్కటీ చూడలేదట. ఇన్నాళ్లూ వీడికా నేను భయపడింది. అయినా వాడు ఆ సినిమాల గురించి చెబితే బాగానే ఉంటుంది, అబద్ధమెందుకు.

ఇప్పుడు 'ది రాత్ ఆఫ్ ఖాన్' చూడమంటున్నారు. దానికి ముందు ఏమైనా చూడాలా, నేరుగా వేసుకోవచ్చా?

పాత_యాంటెన్నా:
నేరుగా వేసుకున్నా నడుస్తుంది బిడ్డా. 1982 నాటి ఆ సినిమా నిర్మాత హార్వ్ బెన్నెట్ కూడా నీలాంటి కొత్తవాడే, ఆ పని చేతికొచ్చాకే పాత ఎపిసోడ్లు కూర్చుని చూశాడు. చూస్తుంటే 1967 నాటి 'స్పేస్ సీడ్' అనే ఎపిసోడ్ దొరికింది, అందులోని విలన్ ఖాన్‌ను మళ్లీ తీసుకొచ్చాడు. ఆ ఎపిసోడ్ యాభై నిమిషాలే ఉంటుంది, ముందు అది చూడు. ఆ పప్పు పిల్లగాణ్ణి కూడా కూర్చోబెట్టుకో.