అప్‌డేట్: కంటి చుక్కల మందుచీటీలో ‘ఓడీ’ సందేహం తీరింది

అమ్మకు రాసిన కంటి చుక్కల చీటీలో ‘ఓడీ’, దాని పక్కనే ‘క్యూఐడీ’ ఉన్నాయని, మొదటిది రోజుకు ఒకసారి, రెండోది నాలుగుసార్లు అయితే ఏది పాటించాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఊహించుకోకుండా ఫార్మసిస్టును అడగమన్న సలహాయే పనిచేసింది. ఆయన డాక్టరుకు ఫోన్ చేసి నిర్ధారించుకున్నాక చెప్పినదేమిటంటే, మాత్రల చీటీలో ఓడీ అంటే సాధారణంగా రోజుకు ఒకసారే అయినా, కంటి మందుల విషయంలో అది ‘ఆక్యులస్ డెక్స్టర్’ అనే లాటిన్ మాటకు పొడి అక్షరాలు, అంటే కుడి కన్ను. అలాగే ఓఎస్ ఎడమ కన్ను, ఓయూ రెండు కళ్లు. కాబట్టి అమ్మకు కుడి కంట్లో మాత్రమే, రోజుకు నాలుగుసార్లు వేయాలి. ఆయనే సీసా మీద ‘కుడి కన్ను: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి’ అని రాసిచ్చారు.

డాక్టరు పొరపాటున రెండు మోతాదులు రాశారేమోనన్న అనుమానం నిజం కాదు. అదే చీటీలో కింది వరుసలో ఉన్న ‘ఎస్ఓఎస్’కు చుక్కలతో సంబంధమే లేదు, అది నొప్పి మాత్రను అవసరమైతేనే వేసుకోమనే సూచన. మందుల భద్రతపై పనిచేసే ఐఎస్ఎంపీ సంస్థ కూడా ఓడీని పొరపాట్లకు దారితీసే పొడి అక్షరాల జాబితాలో చేర్చింది కనుక, ఇదే సందేహం వచ్చినవారు ఏ కన్ను, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్నవి పూర్తి మాటల్లో రాయించుకోండి.