రీబూట్‌ని తెలుగులో ఏమందాం?

అంబాజీపేట నుంచి:

అందరికీ నమస్కారమండి. రెండు రోజులుగా ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. మా ఊరి కుర్రాళ్ళు గోడపత్రిక వేస్తున్నారు. హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద నన్నో వ్యాసం రాసిమ్మన్నారు. రాసిచ్చాను. అందులో నేను 'రీబూట్' అని రాసినచోటల్లా ఒక కుర్రాడు 'పునఃప్రారంభం' అని దిద్దాడు. శ్రద్ధగానే దిద్దాడు. నాకే మింగుడు పడలేదు.

వరదకి ఆపేసిన, జనాన్ని గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు మళ్ళీ తిరిగితే అది పునఃప్రారంభం. సెలవులయ్యాక బడి తెరిస్తే పునఃప్రారంభం. ఎక్కడ ఆగిందో అక్కడినుంచి సాగుతుంది. ఆరు పాసైనవాడు ఏడులో కూర్చుంటాడు గానీ మళ్ళీ అ ఆలు దిద్దడు కదండీ. రీబూట్ అలా కాదు. ఇదివరకు చూసిన కథ జరగలేదనుకోండి, మొదటినుంచి ఇంకోలా చెబుతాం అంటుంది. అంటే పునఃప్రారంభం దానికి సరిగ్గా ఎదురు అర్థం ఇస్తోంది.

వాడుకలో వెతికితే 'కథ మళ్ళీ మొదటికొచ్చింది' ఒకటి దొరికింది. కానీ ఈ మాట సంతోషంగా అన్నవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు. కుదిరిన సంబంధం తప్పిపోతే అంటాం, తగ్గిన జ్వరం తిరగబెడితే అంటాం. రీబూట్ వస్తోందని తెలిసినప్పుడు పాత అభిమానికి కలిగేదాంట్లో సగం అదే. రెండో సగం మాత్రం ఆశ. మనవాళ్ళని మళ్ళీ తెరమీద చూస్తామని. రెండూ పట్టే మాట కావాలి.

ఎందుకింత పట్టుదలంటే, నాది టెర్మినేటర్ బాధ. 1991లో వచ్చిన రెండో సినిమాని మా పెద్దనాన్నగారి అబ్బాయి వీడియో డెక్కు అద్దెకు తెచ్చి చావిట్లో వేశాడు. చివర్లో ఆ యంత్రపు మనిషి గొలుసు పట్టుకుని కరిగిన ఉక్కులోకి దిగిపోతూ బొటనవేలు పైకెత్తుతాడు చూడండి, అక్కడ అన్నయ్య మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా నాయనమ్మ "అయ్యో, పిల్లాడు ఒంటరైపోయాడే" అంది. ఆ పిల్లాడు, జాన్, బతికి బట్టకట్టాడన్న తృప్తితోనే మేం ఆ రాత్రి పడుకున్నాం.

2019లో వచ్చిన సినిమా, రెండోదాని తరవాత వచ్చినవేవీ లేవనుకోమంది. సరే అనుకున్నాం. జాన్ తల్లిగా వేసిన లిండా హామిల్టన్ మళ్ళీ నటిస్తోందని తెలిసి అన్నయ్య హైదరాబాదు నుంచి పనిగట్టుకుని ఫోను చేశాడు. తీరా చూస్తే మొదటి నిమిషాల్లోనే జాన్‌ని చంపేశారు. అన్నయ్య ఆ రాత్రి మళ్ళీ ఫోను చేసి, "మనం చావిట్లో చూసిందంతా దండగేనా తమ్ముడూ?" అన్నాడు. యాభై దాటిన మనిషి. ఆ గొంతు నాకింకా చెవుల్లో ఉంది.

ఏ మాట వాడమంటారు?

భీమవరం నుంచి:

నేను కంప్యూటర్లు బాగుచేస్తానండి. మాట మా దగ్గరనుంచే సినిమాకి వెళ్ళింది కాబట్టి మా లెక్క చెబుతాను. రీబూట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కులో దాచుకున్నది ఎక్కడికీ పోదు. దాచకుండా వదిలేసిన ఫైలు పోయిందని షాపులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళని చూశాను. సినిమావాళ్ళు చెరిపేది ర్యామే అనుకుంటారు. మీ అన్నయ్యగారికి అది డిస్కులో ఉంది. తేడా అక్కడే వస్తోంది. తెలుగు మాట మాత్రం నాకు తట్టలేదు.

ద్రాక్షారామం నుంచి:

జీర్ణోద్ధరణ అంటే సరిపోదా? గుడి పాతబడితే విప్పి కడతారు కదా.

అంబాజీపేట నుంచి:

మంచి మాటే అక్కా. కానీ పని జరిగినన్నాళ్ళూ స్వామి బాలాలయంలో పూజలందుకుంటాడు, పూర్తవగానే మళ్ళీ ఆయనే గర్భగుడిలోకి వస్తాడు. గోడలు కొత్తవి, దేవుడు పాతవాడే. రీబూట్‌లో గోడలుంచి దేవుణ్ణే మారుస్తున్నారని కదా అభిమానుల గోల. పోస్టరు మీద అక్షరాలు అవే, లోపల మనిషి వేరు.

రావులపాలెం నుంచి:

సినిమాల సంగతి నాకంత తెలీదండి. అరటి తెలుసు. మా తోటల్లో ఒక మాటుంది, చూసుకోండి.

మొదటిసారి వేసింది మొక్కతోట. గెల కోసేశాక బోదె నరికేస్తాం. అదే దుంప మీదనుంచి లేచిన పిలకతో వచ్చే రెండో పంట కార్శి. చెరుకులోనూ ఇదే మాట. అయితే లేచిన ప్రతి పిలకనీ పెరగనివ్వం. తల్లిచెట్టు గెల వేసేదాకా ఎప్పటికప్పుడు కోసేస్తూనే ఉంటాం, బలం లాగేస్తాయని. గెల వేశాక ఒక్కదాన్ని ఉంచుతాం. ఎంచుకోవడంలోనే ఉందండి నేర్పంతా. ఆకు సన్నగా కత్తిలా ఉన్న పిలక కావాలి. వెడల్పాకు పిలక చూడ్డానికి కళగా ఉంటుంది, త్వరగా విచ్చుకుంటుంది కూడా. కానీ దానికి దుంపతో పట్టుండదు. పైపైన అంటుకుని ఉంటుంది. దాన్ని నమ్ముకుంటే గెల పీలగా వస్తుంది. కార్శి మీద కార్శి తీస్తూ పోయినా దిగుబడి పడిపోతుంది. అప్పుడు దుంపలు తవ్వి పారేసి మళ్ళీ మొక్కతోట వేసుకోవాలి.

అత్తిలి నుంచి:

రావులపాలెం బాబాయిగారి మాట బాగుంది. మాది వరి. సార్వాలో ఊడ్పులయ్యాక వరదొచ్చి చేను మునిగి, నీళ్ళు లాగేసరికి నాటింది కుళ్ళిపోతే మళ్ళీ ఊడుస్తాం. నారు కోసం ఊరూరా తిరుగుతాం. రెండింతల ఖర్చు. అయినా పంట మీద ఆశ వదల్లేదన్నమాట. మీరడిగిన దిగులూ ఆశా రెండూ 'మళ్ళీ ఊడ్పు'లో ఉన్నాయి. ఒక్క సంగతి. మునగని చేలో ఎవరూ మళ్ళీ ఊడవరు.

అంబాజీపేట నుంచి:

అత్తిలి తమ్ముడూ, ఆ చివరి వాక్యం చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఇన్నేళ్ళుగా నేను చెప్పలేకపోతున్న మాట అదే. మునగని చేలో మళ్ళీ ఊడ్పెందుకు?

మీ ఇద్దరి మాటలూ సినిమాల మీద పెట్టి చూశాను. స్టార్ ట్రెక్ 1966లో టీవీలో మొదలైంది. 2002లో వచ్చిన సినిమా దెబ్బతింది, 2005లో టీవీ ధారావాహిక కూడా ఆగిపోయింది. అది నిజంగా మునిగిన చేనే. 2009లో కొత్త నటులతో మళ్ళీ ఊడ్చారు. కానీ ఒక మర్యాద పాటించారు. తొలి ధారావాహికలో స్పాక్ అనే పాత్ర వేసిన లియొనార్డ్ నిమోయ్‌ని ముసలి స్పాక్‌గా అందులోకి తెచ్చారు. కాలం ఒకచోట చీలింది, ఇది ఇంకో పాయ, మీరు చూసిన పాయ అలాగే పారుతోంది అన్నారు. ధవళేశ్వరం దిగువన ఉండే మనకి పాయలంటే ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. గౌతమి ఉందని వశిష్ఠ లేకుండా పోదు. పాత అభిమానుల్లో చాలామంది ఆ సినిమాలో ఆలోచన తగ్గి పరుగులు పెరిగాయన్నారు, నేనూ అంటాను. అయినా నాకు కోపం రాలేదు. నా పాయని పూడ్చలేదు కాబట్టి.

జపాన్ రాకాసి జంతువు గాడ్జిల్లా సినిమాలది అచ్చంగా అరటితోట పద్ధతి. 1954 నాటి మొదటి సినిమాని తల్లి దుంపగా ఉంచుకుని, ఆ తరవాత వచ్చినవాటిని పక్కనపెట్టి 1984లో కొత్త పిలక లేపారు. జపాన్‌వాళ్ళు ఆ తరవాత కూడా ఇలా చేస్తూనే వచ్చారు.

టెర్మినేటర్ 2019 కూడా పైకి చూస్తే ఇదే పని చేసింది. మధ్యలో పిలకలన్నీ కోసి మొదటి రెంటినే ఉంచుకుంది. మరి నాకెందుకు నొప్పి? రావులపాలెం బాబాయిగారు చెప్పాక తెలిసింది. పిలకలతో ఆగకుండా గడ్డపార దుంపలోకి దిగింది. జాన్ బతకడమే ఆ రెండో సినిమాకి దుంప.

కోసిన పిలకల్ని ప్రేమించినవాళ్ళూ ఉంటారు, వాళ్ళనీ తలుచుకోవాలి. స్టార్ వార్స్ కథని సాగదీస్తూ ఏళ్ళ తరబడి వచ్చిన నవలల్ని 2014లో 'లెజెండ్స్' అని పేరుపెట్టి అసలు కథలోంచి తప్పించారు. కొత్త సినిమాలకి దారి కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ నవలలతోనే పెరిగిన పాఠకుడికి ఒక్క ప్రకటనతో తన పుస్తకాల బీరువా పుక్కిటి పురాణమైపోయింది.

రాజమహేంద్రవరం నుంచి:

తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మీరంతా పొలం గట్టున నిలబడి మాట్లాడుతున్నారు, నేను భారతంలోంచి ఒక సంగతి చెబుతాను.

నన్నయగారు మా ఊళ్ళో, రాజరాజనరేంద్రుడి కొలువులో, అరణ్యపర్వం సగంలో ఆగిపోయారు. తిక్కనగారు ఆ ఖాళీని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నారు. పదకొండో శతాబ్దంలో మిగిలిపోయిన ఆ భాగాన్ని పధ్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూర్తిచేశాడు. నన్నయగారి ఆఖరి పద్యంగా చెప్పుకునేది 'శారదరాత్రులు' అని మొదలవుతుంది. శరత్కాలపు రాత్రులు, చుక్కలు, కలువల వాసన మోసుకొచ్చే గాలి. ఎఱ్ఱన మొదటి పద్యం 'స్ఫురదరుణాంశురాగరుచి' అని ఎత్తుకుంటుంది. శరత్కాలమే, అయితే తెల్లవారింది. ఎర్రటి లేత వెలుగు, మబ్బు విడిచిన ఆకాశం, విచ్చుకుంటున్న తామరలు. రాత్రి ఆయనకి వదిలేసి ఉదయం తను తీసుకున్నాడు. పూర్తిచేసి తన పేరు చాటుకున్నాడా? ఆ భాగాన్ని రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాశాడు, నన్నయగారే రాసినట్టు. పాతికేళ్ళపాటు ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టేసేది.

ఇక మళ్ళీ మొదటినుంచి చెప్పడం మనకి తప్పేం కాదు. 'మరల నిదేల రామాయణం' అన్న ప్రశ్న విశ్వనాథవారు తనే వేసుకున్నారు. లోకం రోజూ తిన్న అన్నమే తింటోంది, ఎవరి రుచి వారిది అన్నారు. ఎన్ని రామాయణాలొచ్చినా వెనకటిది జరగలేదనుకోండి అన్న కవి మాత్రం లేడు.

అంబాజీపేట నుంచి:

మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పిన రాత్రీ ఉదయం లాంటిదే ఒకటి నేను ఈ సినిమాల్లో చూశాను. అదొక్కటీ చెప్పి, ఇంకో మాట అడుగుతాను.

ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్ మొదటి సినిమా 1968లో వచ్చింది. 2001లో దాన్ని మళ్ళీ తీశారు, అది వెడల్పాకు పిలక. 2011లో మళ్ళీ మొదలెట్టారు. మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది, తనకి తెలిసింది సీజర్ అనే కోతి కథ చెప్పే ఈ సినిమానే. మొన్న ఆదివారం 1968ది చూపిస్తే, "సీజర్ ఏడీ మావయ్యా?" అంది. సీజర్ అందులో లేడు. 1972లో వచ్చిన నాలుగో సినిమాలో కోతుల తిరుగుబాటు నడిపేది అతనే. 2011 సినిమా ఆ దుంప మీద లేచిన కార్శి.

అందులో ఒక చోటుంది. కోతుల్ని బంధించిన చోట కాపలావాడు కరెంటు కర్రతో సీజర్‌ని పొడవబోతాడు. సీజర్ వాడి చెయ్యి పట్టుకుంటాడు. వాడు చెయ్యి తియ్యమని తిడతాడు. ఆ తిట్టు 1968 సినిమాలో, కోతులేలే లోకంలో బందీగా చిక్కిన మనిషి కోతుల్ని తిట్టిందే. అప్పుడది అణిగినవాడి మాట, ఇప్పుడు అణిచేవాడి నోట్లో ఉంది. దానికి బదులుగా సీజర్ జీవితంలో మొదటిసారి నోరు తెరిచి 'నో' అని అరుస్తాడు. ఈ 'నో' కూడా కొత్తది కాదు. మొదటగా మాట్లాడిన కోతి పలికిన మాట అదేనని 1971 నాటి మూడో సినిమాలో ఒక పాత్ర చెబుతుంది. యజమానుల నోట లెక్కలేనన్నిసార్లు విన్న మాటని వాళ్ళకే తిప్పి అన్నదట. నలభై ఏళ్ళ కిందట నోటితో చెప్పి వదిలేసినదాన్ని 2011వాళ్ళు కళ్ళముందు జరిపించారు. మేనకోడలికి ఒళ్ళు గగుర్పొడిచింది. రెండూ తెలిసిన నాకు కళ్ళు చెమర్చాయి. ఇలాంటిదొస్తే ఎన్నిసార్లు మొదలెట్టినా చూస్తాను.

కాబట్టి గోడపత్రికలో రెండు మాటలూ వాడుతున్నాను. దుంపని నమ్ముకుని లేచినదానికి 'కార్శి'. అంతా తీసేసి నాటినదానికి 'మళ్ళీ ఊడ్పు'. పునఃప్రారంభం పంటుకే ఉంచుదాం.

ఇప్పుడు అడగాల్సింది. సీజర్ 'నో'కి తెలుగులో ఏం పెడతారు? మనకి కాదు, లేదు, వద్దు మూడూ వేరు. కాదు, లేదు ఇక్కడ అతకవని తెలుస్తూనే ఉంది.

మలికిపురం నుంచి:

'ఒల్లను' పెట్టు బాబూ. మా అమ్మమ్మ మందు తాగమంటే 'ఒల్లనంటే ఒల్లను' అనేది. వద్దు అనేకన్నా గట్టిది. వద్దు అంటే ఎదుటివాణ్ణి ఆపడం. ఒల్లను అంటే నేను లొంగను అని.

అంబాజీపేట నుంచి:

పిన్నిగారూ, 'ఒల్లను' చదవగానే ఇదే అనిపించింది. రాసి కూడా పెట్టుకున్నాను. పొద్దున్న మా కుక్క అరుగెక్కబోతుంటే "వద్దు!" అని గట్టిగా అదిలించాను, అప్పుడు తెలిసింది. సీజర్ తిప్పి అనాల్సింది రోజూ తను విన్న మాట. యజమాని ఎప్పుడైనా 'ఒల్లను' అంటాడా? అనడు, వాడికా అవసరం రాదు. వాడు పొద్దస్తమానం అనేది 'వద్దు' ఒక్కటే. అందుకని 'వద్దు' అనే ఉంచుతున్నానండి.