ప్రవచనం అంటే జోస్యమేనా?

ఒక డౌట్ అండి. ఎవరైనా "ప్రవచనానికి వెళ్తున్నా" అంటే పురాణం వినడానికి అనుకుంటాం, అదే బైబిల్ చదివేవాళ్లు ప్రవచనం అంటే జరగబోయేది ముందే చెప్పడం అనుకుంటారు. ఒకే మాటకి ఇంత తేడానా, ఏది కరెక్టు?

జవాబు: రెండూ వాడుకలో ఉన్నవే గానీ జరగబోయేది అనే అర్థం ఆ మాటలో అసలు లేదండి. వచనం అంటే పలకడం, దానికి ప్ర చేరితే నలుగురికీ తెలిసేలా చెప్పడం, అంతే. ఇంగ్లీషు ప్రాఫెట్‌కి మూలమైన గ్రీకు మాట ప్రొఫేటేస్ కూడా దేవుడి తరఫున మాట్లాడేవాడనే. బైబిల్లో నిర్గమకాండం 7వ అధ్యాయం మొదట్లోనే అహరోను నీకు ప్రవక్తగా ఉంటాడని దేవుడు మోషేతో అంటాడు, అక్కడ అహరోను భవిష్యత్తు చెప్పేదేం లేదు, తమ్ముడు మోషేకి మాట సరిగ్గా రాదు కాబట్టి అన్న అహరోను వెళ్లి ఈజిప్టు రాజు ఫరోతో మాట్లాడాలి. నాకు మాత్రం బైబిల్లోనే యోనా అనే ప్రవక్త కథ భలే ఇష్టం, 40 రోజుల్లో నీనెవె నగరం నాశనమైపోతుందని చాటితే ఊరంతా భయపడి మారిపోయింది, నాశనం ఆగిపోయింది, పాపం యోనాకేమో ఒళ్లు మండింది. జోస్యంగా చూస్తే ఫెయిల్, ప్రవచనంగా చూస్తే సూపర్ హిట్టు.

మరి కంసుడి సంగతేంటి? అష్టమ గర్భం అని ఆకాశవాణి చెప్పింది, అలాగే జరిగిందిగా.

జవాబు: కథల్లో లెక్క వేరండి, చెప్పింది జరక్కపోతే అక్కడ కథే లేదు. ఎలా జరుగుతుందా అన్నదే పట్టు, పైగా తప్పించుకోవడానికి చేసిన పనే కొంప ముంచుతుంది. గ్రీకు కథలో ఈడిపస్‌ని చూడండి, తండ్రిని చంపుతాడని జోస్యం చెప్పారని పసిగుడ్డుగా ఉన్నప్పుడే వదిలించుకున్నారు, అందుకే పెద్దయ్యాక దారిలో ఎదురుపడినవాడు తండ్రని వాడికి తెలీలేదు. దేవుడి మాట చెప్పే గ్రీకు గుడి డెల్ఫీలో క్రీసస్ అనే రాజుకి చెప్పిందైతే అచ్చంగా శ్లేషే, యుద్ధానికి వెళ్తే ఒక గొప్ప సామ్రాజ్యం కూలుతుందన్నారు, వెళ్లాడు, కూలింది, తీరా చూస్తే అది తనదే 😀

కాలజ్ఞానం ఎందులోకి వస్తుంది మరి?

జవాబు: దాంట్లో కాలం అని మాటలోనే ఉందిగా, రాబోయేదాని గురించే. జోస్యం జ్యోతిషం నుంచి వచ్చింది, అక్కడ గ్రహాల లెక్కే గానీ ఎవరి తరఫునా మాట్లాడటం ఉండదు.

అయ్యో, నేను అనువాదంలో ప్రాఫెసీ కనిపించిన ప్రతిచోటా జోస్యం అని కొట్టేశానండి, ఇప్పుడు మొదటి పేజీ నుంచి చూసుకోవాలి.