మారిషస్‌లో హోటల్ ఉద్యోగం: మావాడిని పంపొచ్చా?

పర్లాకిమిడి నాన్న:
నమస్కారం అండీ. మాది పర్లాకిమిడి. మా చిన్నోడు భువనేశ్వర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. మారిషస్‌లో ఒక రిసార్టు వంటశాలలో ఉద్యోగం అని ఏజెంటు ద్వారా ఆఫర్ వచ్చింది. వాడికి వెళ్లాలని బాగా ఉంది. వాళ్లమ్మకే భయం. 2018లో తిత్లీ తుఫానుకి మా ఇంటి రేకులన్నీ లేచిపోయాయి, తెల్లవార్లూ దేవుడి గదిలో కూర్చున్నాం. "సముద్రం మధ్యలో అంత చిన్న ముక్క, అక్కడ తుఫానొస్తే బిడ్డ ఎటు పోతాడు?" అంటుంది. నాకూ సరైన జవాబు తెలియదు. ఆ దేశం ఎలాంటిది, జనం ఎలాంటివాళ్లు, దేని మీద బతుకుతారు, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బరంపురం తమ్ముడు:
అన్నగారూ, నేను అక్కడ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ సెక్షన్‌లో పనిచేసి వచ్చాను. ముందు వదినగారి భయం గురించి చెప్తాను. తుఫానులు వస్తాయి, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా. కానీ అక్కడ రేకుల ఇళ్లు తక్కువ. 1960లో కెరోల్ అనే తుఫాను వేల ఇళ్లను నేలమట్టం చేసింది. ఆ దెబ్బతో కాంక్రీటు ఇళ్లు కట్టడం మొదలెట్టారు. హెచ్చరికలకు ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు ఉంటాయి. మూడో నంబరు పడిందంటే బస్సులు, ఆఫీసులు బంద్, అందరూ ఇళ్లలోనే. మా హాస్టల్ వార్డెన్ ముందే బ్రెడ్డు, నీళ్లు, టార్చిలైట్లు గదిగదికీ పంచేవాడు. గాలి కంటే వాన నీళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. అలాంటి రోజు బయటికి పోవద్దని మీవాడికి గట్టిగా చెప్పండి.

దేశం చిన్నదే. సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. మన గజపతి జిల్లాలో సగం నేల, జనం మాత్రం జిల్లాకి రెట్టింపు, పన్నెండున్నర లక్షల దాకా. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన దీవి కాబట్టి నేలంతా నల్లరాయి. చెరుకు చేల మధ్యలో ఆ రాళ్లు ఇంటెత్తు గుట్టలుగా పేర్చి ఉంటాయి. చెరుకు వేయడానికి పొలంలోంచి ఏరిన రాళ్లు అవి. వెనకటికి కూలీలుగా వెళ్లిన మనవాళ్లు చేతులతో ఏరినవి అందులో ఎన్నో. మొదటిసారి బస్సు కిటికీలోంచి చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఇంట్లో, వీధిలో అందరూ క్రియోల్ మాట్లాడతారు, ఫ్రెంచి నుంచి పుట్టిన భాష అది. మీవాడు రెండు మూడు నెలల్లో పట్టేస్తాడు. తిండికి ఇబ్బంది లేదు. బియ్యం దాదాపు అంతా దిగుమతే అయినా అన్నం దొరకని చోటు లేదు. వీధి బండి మీద ధోల్ పూరీ అమ్ముతారు. పచ్చబఠాణీ కాదు, పసుపుపచ్చ బఠాణీ పప్పు ఉడికించి, పొడిచేసి, లోపల పెట్టి పల్చగా కాలుస్తారు. కూర, పచ్చడి రాసి రెండేసి చుట్టి కాగితంలో ఇస్తారు. ఒక స్వెట్టర్ తప్పకుండా పెట్టండి. జులై, ఆగస్టు అక్కడ చలికాలం. క్యూర్‌పీప్ లాంటి ఎత్తు మీది ఊళ్లలో వాన, చలి రెండూ ఉంటాయి.

రిటైర్డ్ మాస్టారు, ఛత్రపురం:
నాయనా, ఆ దేశం మనకు కొత్తది కాదని మీ ఇంట్లో చెప్పు. బ్రిటిష్‌వాళ్లు బానిసత్వం రద్దు చేశాక చెరుకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుంచి మన దేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షల మందిని ఒప్పందం మీద తీసుకెళ్లారు. తెలుగువాళ్లలో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్లు చాలామంది. అప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936లో గానీ ఒడిశాలోకి రాలేదు. కోరంగి రేవు నుంచి కూడా ఓడలు వెళ్లాయి. పోర్ట్ లూయిస్‌లో వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి రికార్డులు భద్రంగా ఉన్నాయి: పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఓడ.

ఈ రోజుకీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు. బళ్లలో తెలుగు నేర్పుతారు. ఇళ్లలో క్రియోల్ మాట్లాడే పిల్లలు కూడా రామభజనలో కూర్చుంటారు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు. మనల్ని వదిలి వెళ్లి ఇన్ని తరాలైనా అప్పన్నను వదల్లేదు వాళ్లు! మీవాడికి సెలవు దొరికినప్పుడు ఒక భజనకు వెళ్లమను. ఒంటరిగా ఉండడు.

బరంపురం తమ్ముడు:
మాస్టారు చెప్పింది నిజం. నన్ను ఉగాదికి ఒక ముసలమ్మగారు ఇంటికి పిలిచి అన్నం పెట్టారు.

సంపాదన సంగతి కూడా అడిగారు కదా. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు చక్కెర తప్ప ఇంకేమీ లేదు. 1970 నుంచి ఎగుమతుల కోసం బట్టల ఫ్యాక్టరీలు, తర్వాత హోటళ్లు, ఆ తర్వాత బ్యాంకులు వచ్చాయి. ఇప్పుడు అక్కడి పిల్లలు బాగా చదువుకుని ఫ్యాక్టరీ, వంటశాల పనులకు రావడం తగ్గింది. అందుకే మనవాళ్లనీ, నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లనీ పిలుస్తున్నారు. హోటల్ పనిలో ఒక టెన్షన్ ఉంది: విమానాలు ఆగితే జీతానికి ఎసరు. కోవిడ్‌కి 2020 మార్చిలో సరిహద్దులు మూసి, 2021 అక్టోబర్‌లో గానీ పూర్తిగా తెరవలేదు. ఆ మధ్యలోనే వకాషియో అనే సరుకు ఓడ పగడపు దిబ్బ మీద ఎక్కి సముద్రంలో చమురు ఒలికింది. ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చి ఎండిన చెరుకాకు గుడ్డ సంచుల్లో కుక్కి, కుట్టి, నీళ్ల మీద అడ్డం వేశారు. అలాంటి జనం వాళ్లు.

రాయగడ అక్క:
అన్నయ్యగారూ, ఏజెంటు మాట ఒక్కటీ నమ్మకండి, కాగితం చూడండి. మా మరిదిని ఒక ఏజెంటు "ముందు టూరిస్టుగా వెళ్లు, పర్మిట్ తర్వాత చేయిస్తా" అని పంపబోయాడు. డబ్బు కట్టాక తెలిసి ఆపాం, ఆ డబ్బు తిరిగి రాలేదు. మనవాళ్లకి టూరిస్టుగా ముందే వీసా అక్కర్లేదు, ఆ సౌకర్యాన్నే ఇలా వాడతారు. యజమాని తీసిన వర్క్ పర్మిట్ చేతికి రాకుండా టికెట్ కొనొద్దు. ఏజెంటు రిజిస్టర్ అయ్యాడో లేదో మన ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైటులో చూడండి.

పర్లాకిమిడి నాన్న:
అందరికీ దండాలు. మా ఆవిడకి అంతా చదివి వినిపించాను. కాంక్రీటు ఇళ్ల దగ్గర మళ్లీ చదవమంది. ఆఫర్ కాగితంలో జీతం "రూపాయలు" అని రాశారు. అది మన రూపాయేనా?

బరంపురం తమ్ముడు:
కాకపోవచ్చు, వాళ్లకీ రూపాయే ఉంది. అక్కడి రూపాయి మనకి దాదాపు రెండు రూపాయలు పడుతుంది. ఏ రూపాయో రాతలో అడగండి. ఓవర్‌టైమ్ లెక్క, భోజనం, బస, వచ్చిపోయే టికెట్ ఎవరివో కూడా అదే కాగితంలో ఉండాలి. కాగితం రాగానే పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.